నోట్లో నిప్పు, డబ్బాలో పసుపు

విజయనగరం అయోధ్య మైదానంలో తెల్లారగట్ల నడిచేవాళ్లు రెండు రకాలు. సుగరు దింపుకోడానికి నడిచేవాళ్లు ఒక రకం, వాళ్లకి ఏదో ఒకటి అంటగట్టడానికి నడిచేవాళ్లు రెండో రకం. మా బావ మొదటి రకంలో చేరి, ఆరు నెలలు తిరక్కుండా రెండో రకంలోకి ప్రమోషన్ కొట్టాడు. మొన్న నాలుగో రౌండులో నా భుజం పట్టుకుని ఆపేశాడు.

"నీ ఒంట్లో రోజుకెన్ని మ్యుటేషన్లు అవుతన్నాయో ఎప్పుడైనా ఆలోచించావేటి?"

నాకు తెలిసిన మ్యుటేషన్ ఒక్కటే. మా తాత పేరున ఉన్న అరెకరం మెట్ట నా పేరు మీదికి మారాలి. దానికోసం రెండేళ్లుగా ఒక మండలాఫీసు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాను. ఒకనాడు సర్వర్ లేవదు, ఒకనాడు సారు క్యాంపులో ఉంటారు, ఒకనాడు ఫైలు పైకెళ్లింది అంటారు. పైకి అంటే ఎక్కడికో ఇప్పటిదాకా తెలియలేదు, ఆ ఆఫీసుకి మేడ లేదు. అర్జీ పెట్టి, రుసుం కట్టి, కాళ్లావేళ్లా పడ్డా అవని పని ఒంట్లో అడక్కుండానే అయిపోతోందంటే ముచ్చటేసింది.

"ఎన్ని బావా?"

"వేలు! ఒక్కో కణంలో రోజుకి వేలు. ఒకటి అదుపు తప్పిందా, కేన్సరే. వాటిని ఆపే పదార్థాలున్నాయి. యాంటీ మ్యుటాజెన్స్ అంటారు. జన్యువు మారిపోకుండా కాపలా కాస్తాయన్నమాట."

మ్యుటేషన్ని ఆపడమే గొప్పయితే మా మండలాఫీసుని పొడి కొట్టి మాత్రలు కట్టండి, ప్రపంచంలో ఇక కేన్సరుండదు అన్నాను. బావ నవ్వలేదు. కంపెనీ ట్రైనింగులో నవ్వకూడదని చెప్పి ఉంటారు. జేబులోంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు.

తెల్లటి డబ్బా, గట్టి మూత, లోపల అరవై క్యాప్సూళ్లు, రెండు వేల పైచిలుకు ధర. తొంభై అయిదు శాతం కర్కుమిన్, మిరియాల సారం, సెలీనియం, జింకు, ఎ విటమిను, ఇంకా నోరు తిరగనివి కొన్ని. ముందు వైపు కణానికి కవచం తొడిగిన బొమ్మ. తిప్పి చూస్తే, చీమ కాళ్లంత అక్షరాల్లో, ఇది వైద్యానికి వాడేది కాదు అని ఉంది. ఇలాంటి సరుకంతటి మీదా ఆ ముక్క ఉండి తీరాలని మన ఆహార ప్రమాణాల సంస్థ నియమం. కేన్సర్ నయం చేస్తామనీ, రాకుండా ఆపుతామనీ ప్రకటనలు వెయ్యకూడదని 1954 నాటి చట్టమే ఒకటుంది. ఆ చట్టం జాబితాలో 54 రోగాలున్నాయి, కేన్సర్ అందులో ఒకటి. అందుకే కంపెనీ కేన్సర్ అన్న మాట ఎక్కడా అచ్చెయ్యదు. అచ్చు డబ్బా మీద ఉంటుంది, కేన్సర్ బావ నోట్లో ఉంటుంది. నోటిమాటకి బ్యాచ్ నంబరూ లేదు, కేసు పెట్టేవాడూ లేడు.

నిజం చెప్పాలంటే బావ వేలు అన్నది మరీ అబద్ధం కాదు. కాకపోతే అవి మ్యుటేషన్లు కావు, దెబ్బలు. మనం ఊరికే కూర్చున్నా, ఒంటి వేడికీ, ఒంట్లోని నీటికీ, పీల్చే గాలికీ ప్రతి కణంలోనూ డీఎన్‌ఏకి రోజుకి వేల దెబ్బలు తగులుతాయి. తగిలినవాటిని తగిలినట్టే కణం బాగు చేసుకుంటుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో తేల్చినందుకు లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి 2015లో నోబెల్ ఇచ్చారు. మరమ్మతుకి తప్పించుకుని మిగిలినదే మ్యుటేషన్. అంటే, మన ఒంట్లో రాత్రీ పగలూ జీతం లేకుండా పనిచేసే మేస్త్రీ ఒకడున్నాడు. వాడి పేరు చెప్పి బావ మన దగ్గర కూలి వసూలు చేస్తున్నాడు.

యాంటీ మ్యుటాజెన్ అన్న మాటకి పుట్టుక చిత్రమైంది. 1952లో నోవిక్, జిలార్డ్ అనే ఇద్దరు, బాక్టీరియాల్లో మ్యుటేషన్లని తగ్గించే పదార్థాలు కొన్ని ఉన్నాయని చూపించి ఆ పేరు పెట్టారు. ఇందులో జిలార్డ్ ఎవరనుకున్నారు? అణుబాంబుకి మూలమైన గొలుసు చర్యని ముందుగా ఊహించిన మనిషే. మ్యుటేషన్లని లక్షల్లో పుట్టించే దానికీ, చిటికెడు తగ్గించే దానికీ ఒకే బుర్ర. మొదటిది గొప్పగా అమలైంది.

ఇక అసలు సంగతి. బావ డబ్బా మీద బెంగుళూరు అడ్రసుంది, అమెరికా జెండా ఉంది, హిమాలయాల బొమ్మ కూడా ఉంది. ఉండాల్సిన ఊరి పేరు మాత్రం లేదు. అది శ్రీకాకుళం. ఇలాంటి మాత్రలు మనిషి నోట్లో పనిచేస్తాయా లేదా అని తేల్చడానికి ఈ దేశంలో వాడిన నోళ్లలో అడ్డపొగ నోళ్లూ ఉన్నాయి.

తెలియనివాళ్లకి చెప్పాలి. చుట్ట వెలిగించి, ఒకటి రెండు దమ్ములు అందరిలాగే లాగి, నిప్పు బాగా రాజుకున్నాక చుట్టని తిరగేసి, మండుతున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. పెదాలు మూసేస్తారు. బయటికి కనిపించేది ఆరిన కొస. బూడిద నాలిక మీద రాలితే ఉమ్మేవాళ్లు ఉమ్ముతారు, మింగేవాళ్లు మింగుతారు. లోపలి గాలి వేడి నూట ఇరవై డిగ్రీల దాకా పోతుందని కొలిచి రాసినవాళ్లున్నారు. నీళ్లు మరిగేది వందకే. మగవాళ్లూ తాగుతారు గానీ ఈ విద్యలో ఆడవాళ్లదే పైచెయ్యి.

మా మేనత్త, అంటే బావ కన్నతల్లి, రణస్థలం దాటాక ఒక పల్లెలో ఉంటుంది. నలభై ఏళ్లుగా అడ్డపొగే. ఎందుకత్తా అంటే కారణాలు వరసగా చెబుతుంది. ఊడుపుల్లో వంగున్నప్పుడు వాన పడ్డా సుట్ట ఆరదు. గాలికి నిప్పు రవ్వ గడ్డిమేటు మీద పడదు. రెండు సేతులూ కాళీగా ఉంటాయి. మావగారొస్తే పెదాలు బిగిస్తే సాలు, కోడలు నోరెత్తదని మెచ్చుకునేవోరు. పంటి పోటు తగ్గుతాది. అన్నిటికీ మించి, "మా అమ్మ తాగినాది, నానూ తాగినాను." వాళ్లమ్మ దేనికి పోయిందో మాత్రం చెప్పదు. ఒకసారి నోరు తెరవమని టార్చి వేసి చూశాను. అంగిలి సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది, మధ్య మధ్య కుంకం చిలికినట్టు ఎర్రటి చుక్కలు. లాలాజలం ఊరే గ్రంథుల మూతులట అవి, కాలి కాలి ఎర్రబడినవి. మిగతా ప్రపంచంలో అంగిలి కేన్సర్ అరుదు, వైద్యం పుస్తకాల్లో దానికి ఒక పేరా చాలు. మన తీరంలో దానికి ఒక అధ్యాయం కావాలి.

ఆ అధ్యాయం రాయడానికి చాలామందే వచ్చారు. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థ నుంచి మెహతా, వాళ్ల జట్టు శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా, ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు తెరిపించి చూసి, 1971లో బ్రిటిష్ కేన్సర్ పత్రికలో అచ్చేశారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం పేరు దేశానికి నక్సలైట్ల తుపాకుల వల్ల తెలుసు, దంతవైద్యులకి మాత్రం అంగిళ్ల వల్ల తెలుసు. 1974లో విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, అంగిలి కేన్సర్‌కీ అడ్డచుట్టకీ ఉన్న లంకెని అమెరికా పత్రికకెక్కించాడు. మా అత్త లాంటివాళ్లు సముద్రం చూసింది భీమిలి దాకా. వాళ్ల అంగిళ్లు మాత్రం కోపెన్‌హేగన్ చూశాయి.

తర్వాత టాటా సంస్థ వాళ్లే ఇంకో పని చేశారు. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లో కలిపి పొగాకు వాడే 36 వేల మందికి ఒక మందిచ్చారు. ఆ మందు పేరు మాట. సినిమాలు వేశారు, పోస్టర్లు అంటించారు, మనిషి మనిషినీ కూర్చోబెట్టి నోరు చూసి, నాయనా మానెయ్యండి, అమ్మా మానెయ్యండి అని చెప్పారు. ఐదేళ్ల తర్వాత లెక్క తీస్తే మానినవాళ్లు పెరిగారు, నోట్లో తెల్లమచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. లాన్సెట్‌లో అచ్చయిన మందు, ఖరీదు సున్నా. అందుకే దానికి డిస్ట్రిబ్యూటర్ లేడు, డైమండ్ మెంబర్ లేడు, అయోధ్య మైదానంలో నాలుగో రౌండులో ఆపి అమ్మే బావ లేడు. ఏ కంపెనీ అయినా "మానెయ్" అన్న రెండు సెకన్ల మాటని క్యాప్సూల్లో ఎక్కించగలిగుంటే ఈపాటికి మనందరం మానేసి ఉందుం.

మాత్రల వంతు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థది. కమలా కృష్ణస్వామి బృందం అడ్డపొగ తాగేవాళ్లని మూడొందల మందికి దగ్గరగా తీసుకుని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి ఎ విటమిను, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం. రెండో గుంపుకి ఉత్త మాత్ర. ఏ మాత్ర ఎవరికో ఇచ్చేవాళ్లకీ తెలీదు, మింగేవాళ్లకీ తెలీదు. ఏడాది గడిచాక నోళ్లు చూస్తే, మందు మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 57 మందికి మచ్చలు తగ్గాయి. ఉత్త మాత్ర గుంపులో 8 మందికే. నోటి లోపలి కణాలు గోకి చూస్తే, విరిగిపడ్డ క్రోమోజోము తునకలు తగ్గాయి, డీఎన్‌ఏకి అంటుకున్న విషాల లెక్కా తగ్గింది. 1995లో అచ్చయిన ఫలితం ఇది. చిన్న విషయం కాదు. నిప్పు నోట్లోనే ఉండగా కణం కొంచెం కోలుకుంది.

పసుపు ముచ్చటా ఆ సంస్థదే. 1992లో పదహారు మంది పొగరాయుళ్లకి నెలరోజులు, రోజుకి ఒకటిన్నర గ్రాముల పసుపు తినిపించారు. వాళ్ల మూత్రాన్ని ఏమ్స్ పరీక్షకి పెట్టారు. అంటే, మూత్రంలోని సారాన్ని సాల్మొనెల్లా బాక్టీరియా మీద వేసి, దానికెన్ని మ్యుటేషన్లయ్యాయో లెక్కపెట్టడం. రెండ్రోజుల్లో లెక్క తేలిపోతుంది, ఆ బాక్టీరియాని మా మండలాఫీసుకి డిప్యుటేషన్ మీద పంపాలి. పసుపు తిన్నాక మూత్రంలో మ్యుటేషన్ పుట్టించే సరుకు తగ్గింది. ఒకటిన్నర గ్రాములంటే అర చెంచా. వంటింటి పోపులపెట్టెలో, సీతంపేట సంత నుంచి తెచ్చిన పసుపు కొమ్ముని దంచితే వచ్చేది. గుర్తుంచుకోండి, పదహారు మంది, నెలరోజులు, మూత్రం. కేన్సర్ ఆగిందని ఎవరూ అనలేదు. ఈ మూడు ముక్కల్నీ బావ కంపెనీ కలిపి నూరి "క్లినికల్లీ ప్రూవెన్" అని అచ్చేసింది.

ఇలా ప్రమాణం చూపించి బుట్టలో వెయ్యడం విజయనగరానికి కొత్తేమీ కాదు. ఈ ఊళ్లోనే 1892లో తొలిసారి రంగం ఎక్కిన కన్యాశుల్కంలో గిరీశం, చుట్ట మహిమని శిష్యుడు వెంకటేశానికి పురాణం పేరు చెప్పి, పద్యం చదివి మరీ నిరూపించాడు. అప్పుడు ప్రమాణం పురాణం, ఇప్పుడు ప్రమాణం రీసెర్చి. మధ్యలో మారింది జేబు. గిరీశం వెంకటేశం దగ్గర అణా పైసలే దండుకున్నాడు.

మరి ఆ పోషకాహార సంస్థ మాత్రలు పల్లెలో ఎందుకు పనిచేశాయి? ఈ ప్రశ్న బావని అడిగితే ఇంకో రౌండు నడిచాడు. ఎవరి నోళ్లలో పనిచేశాయో చూడండి. చోడంబలీ ఉల్లిపాయా మిరపకాయా తిని పొలానికెళ్లే నోళ్లు. పాలు బిడ్డలకీ, గుడ్డు పండక్కీ, ఆకుకూర మొగుడికీ పెట్టి, గిన్నెలో మిగిలింది తినే నోళ్లు. అక్కడ ఎ విటమిను కొరత, రైబోఫ్లేవిన్ కొరత. మరమ్మతు మేస్త్రీ ఉన్నాడు, చేతిలో తాపీ లేదు, సిమెంటు లేదు. అవి అందించగానే పని మొదలెట్టాడు. చైనాలో లిన్‌షియన్ అనే చోటా ఇదే కథ. తిండికి వాచిన ముప్ఫై వేల మందిని పరీక్షకి తీసుకుంటే, బీటా కెరోటిన్, ఇ విటమిను, సెలీనియం కలిపి వేసుకున్నవాళ్లలో కేన్సర్ చావులు నూటికి 13 పాళ్లు తగ్గాయి.

అదే సరుకుని కడుపునిండినవాళ్లకి పోసి చూశారు. ఫిన్లండులో 29,133 మంది పొగతాగే మగవాళ్లు, పాలకీ వెన్నకీ లోటు లేనివాళ్లు. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గుతుందని ఎదురుచూశారు. 18 శాతం పెరిగింది. 1994లో ఆ లెక్క చూసి డాక్టర్లు నోరెళ్లబెట్టారు. అమెరికాలో ఇలాంటి పరీక్షే ఇంకొకటి, 28 శాతం ఎక్కువ కేన్సర్ కనిపించేసరికి 1996లో గడువుకి ముందే అర్జంటుగా ఆపేశారు. ఆ తర్వాత 35 వేల మంది మగవాళ్లకి ఇ విటమిను, సెలీనియం ఇచ్చి చూస్తే, ఇ విటమిను ఒక్కటే వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ కేన్సర్ 17 శాతం పెరిగింది. క్యారెట్ తింటే ఏమీ కాదు, భయపడకండి. క్యారెట్‌ని మాత్రలో బంధించి పొగగొట్టంలోకి తోస్తేనే తిరగబడింది.

"అది ఫిన్లండురా, సలి దేశం," అన్నాడు బావ. సరే, మన దేశం మనిషి కథే చూడు అన్నాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లం మీద ఆయన బృందం చేసిన పనికి ప్రపంచం దణ్ణం పెట్టింది. రక్తం పెరగడానికి వేసే విటమిను కదా, రక్త కేన్సర్ పిల్లలకీ మంచిదేననుకుని ఆ జాతి మందు ఇచ్చి చూశాడు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్. రోగం తగ్గడం మాని పరుగెత్తింది. విటమిను కణాన్ని కాపాడుతుంది, నిజమే. కేన్సర్ కణమూ కణమే కదా, దాన్నీ కాపాడింది. అప్పుడు సుబ్బారావు జట్టు ఆ విటమినుకి అడ్డంపడే అమినాప్టెరిన్‌ని అందించింది. 1948లో పదహారు మంది పిల్లల్లో పదిమందికి, తాత్కాలికంగానే అయినా, రోగం వెనక్కి తగ్గింది. పిల్లల రక్త కేన్సర్ కీమో వైద్యానికి అదే తొలిపొద్దు. కవచం ఇచ్చేవాడు లోపల ఉన్నది దొరా దొంగా అని ఒకసారి చూసి తొడగాలి. బావ డబ్బా అందరికీ ఒకే సైజు తొడుగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మాత్ర పనిచేసింది లేనివాళ్లలో. అమ్ముతున్నది ఉన్నవాళ్లకి. కోటలో బ్యాంకు మేనేజరు కొంటాడు, రింగురోడ్డులో రిటైరైన హెడ్మాస్టారు కొంటాడు, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో బట్టల షాపు యజమాని రెండు డబ్బాలు కొంటాడు, ఒకటి భార్యకి. వాళ్ల కంచాల్లో తోటకూర ఉంది, పాలున్నాయి, చేప ఉంది, మధ్యలో పసుపూ ఉంది. మేస్త్రీ ఇంట్లో సిమెంటు బస్తాలు ఇంటిపైకప్పు దాకా ఉన్నాయి. ఇంకో బస్తా వేస్తే తలుపు పడదు, అంతే. సిమెంటు లేనివాడికి మాత్రం పరీక్ష అయిన ఏడాదితో మాత్రలాగిపోయాయి. అంగిలి ఇచ్చినందుకు వాళ్ల ఊళ్లో ఒక పలకైనా పెట్టారని నేను వినలేదు. పెళ్లిలో వియ్యాలవారికి వడ్డించడానికి ముందు ఉప్పూ కారం చూడమని వంటవాడి చేతిలో ఒక గరిటె పోస్తారు చూడండి, అదీ శ్రీకాకుళం వాటా.

ఆ పసుపు సంగతీ ఒక మాట. కొమ్ములో కర్కుమిన్ ఉండేది నూటికి మూడు పాళ్లు. అది నీళ్లలో కరగదు, పేగు దాటి రక్తంలోకి సరిగ్గా పోదు, పోయింది నిలవదు. బెంగుళూరులో 1998లో మిరియాల్లోని పైపరిన్ కలిపి ఇస్తే రక్తంలో దాని పాలు ఇరవై రెట్లు పెరిగింది. డబ్బా మీద "2000 శాతం అధికం" అని ఎర్రగా ఉన్నది దాని మహిమే. సున్నాకి కాస్త ఇవతల ఉన్నదాన్ని ఇరవైతో హెచ్చవేస్తే ఎంతొస్తుందో మా మునిసిపల్ స్కూలు పిల్లడైనా చెబుతాడు. గాయాలు మాన్పే పసుపు మీద 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పేటెంటు పుచ్చుకుంటే, మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు పట్టుకెళ్లి 1997లో దాన్ని కొట్టేయించింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. పసుపు మళ్లీ మనదైంది. అప్పుడు మనమేం చేశాం? దానికి రంగేశాం.

రంగంటే లెడ్ క్రోమేట్. కొమ్ము నిగనిగలాడటానికి పట్టించే పచ్చటి పొడి. అందులో ఒక పక్క సీసం, ఇంకో పక్క క్రోమియం, అదీ కేన్సర్ కారకాల మొదటి పంక్తిలో కూర్చునే జాతి క్రోమియం. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలోకి సీసం ఎక్కణ్ణుంచి వస్తోందని స్టాన్‌ఫర్డ్ వాళ్లు వెతుక్కుంటూ పోయి, 2019లో పసుపు డబ్బా దగ్గర తేలారు. మన దేశంలోనూ కల్తీ పసుపు పట్టుబడుతూనే ఉంటుంది. మ్యుటేషన్ని ఆపే పదార్థం లోపల, మ్యుటేషన్ తెచ్చే పదార్థం పైన. రెండూ ఒకే చెంచాలో. ఇంతకంటే సమతుల ఆహారం ఎవడు పెట్టగలడు!

మళ్లీ మాత్రల సంగతికొస్తే, ఇందాకటి చైనాలోనే చీడాంగ్ అని ఇంకో చోటు. బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయ కేన్సర్ తెచ్చుకునేవాళ్లు అక్కడ. ఆకుపచ్చని క్లోరోఫిల్ నుంచి తీసిన మాత్ర 180 మందికి పంచి చూస్తే, బూజు విషం డీఎన్‌ఏకి అంటుకోవడం సగానికి సగం తగ్గింది. మేలే. ఈలోగా ఆ ప్రాంతం వాళ్లు మొక్కజొన్న మాని వరన్నంలోకి దిగారు. కాలేయ కేన్సర్ చావుల్ని గట్టిగా దించింది ఆ అన్నమే. బావకి ఈ కథ చెబితే క్లోరోఫిల్ మాత్రలకి ఇక్కడ ఏజెన్సీ ఎవరిదని అడిగాడు.

మనకి కావలసింది ఎప్పుడూ ఇదే మరి. చుట్ట ఉండాలి, దానికి విరుగుడు మాత్రా ఉండాలి. మందు ఉండాలి, లివర్‌కి టానిక్కూ ఉండాలి. మాడిన నూనెలో బజ్జీ వెయ్యాలి, దాని మీద నిమ్మకాయ పిండాలి. సిగరెట్ పెట్టె మీద ఎనభై అయిదు శాతం మేర పుండు బొమ్మతో హెచ్చరిక అచ్చెయ్యాలని ప్రభుత్వం రూలు పెట్టింది, బాగుంది. చీపురుపల్లి సంతలో నూలుదారంతో కట్టి అమ్మే చుట్టల కట్టకి ఆ బొమ్మ ఎక్కడ అంటిస్తారు? దారానికా?

సరే, ఆదివారం అత్తని చూడ్డానికి వెళదామంటే బావ కూడా వచ్చాడు. నా మాటలకి రోషం వచ్చిందో, తల్లి గుర్తొచ్చిందో, ఒక డబ్బా సంచీలో వేసుకున్నాడు. అది ఎంప్లాయీ రేటుకి తెచ్చినది, అయినా పద్దెనిమిది వందలు. బస్సులో నాతో, "అమ్మకి చెప్పకు, వంద అని చెప్పు," అన్నాడు.

అత్త అరుగు మీద కూర్చునుంది. మేం వచ్చింది చూసి పెదాలు బిగించింది, పాత అలవాటు. తర్వాత చుట్ట తీసి గోడకి రాసి ఆర్పి, చెవి మీద పెట్టుకుంది.

"ఏట్రా ఇది?"

"మందమ్మా. రోజుకి రెండు. నోట్లో పుళ్లు రాకుండా కాస్తాది."

"మరి సుట్ట మానక్కర్లేదేటి?"

బావ నా వైపు చూశాడు. నేను కొబ్బరిచెట్టు వైపు చూశాను. పద్నాలుగేళ్లు ఇన్సూరెన్సు అమ్మిన మనిషి, ఆరు నెలలుగా ప్రాణాలు కాపాడుతున్న మనిషి, అమ్మా మానెయ్యవే అన్న రెండు మాటలు అనలేకపోయాడు. అంటే ఆవిడ, నువ్వు మానేసినావా అంటుంది. బస్టాండులో వాడు కాల్చింది నాకే కాదు, ఆవిడ ముక్కుకీ తెలుసు.

"ఏసుకుంటూ మెల్లగా తగ్గించుకో," అన్నాడు చివరికి.

అత్త మూత తిప్పింది. తెరుచుకోలేదు. నొక్కి తిప్పాలని చూపించాను. మూత తీసి, ఒక క్యాప్సూల్ విప్పి అరచేతిలో ఒంపుకుంది. వేలితో అద్ది నాలిక మీద వేసుకుని, "పసుపు కదరా," అంది. డబ్బాలోంచి చిన్న తెల్లటి పొట్లం ఒకటి బయటికి తీసింది. ఇదేటి, ఇదీ తినాలా అని అడిగింది. తినకూడదత్తా, చెమ్మ పీల్చడానికి వేస్తారు, మాత్రలు మెత్తబడకుండా అన్నాను. సెమ్మ పీలుస్తాదా అని రెండుసార్లు అడిగింది.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. క్యాప్సూళ్లన్నీ విప్పి చారులో వేసేసిందట, పసుపు బాగానే ఉందట, వాసనే లేదట. దూలానికి ఉట్టి, ఉట్టిలో బావ డబ్బా. కణానికి కవచం తొడిగిన బొమ్మ నా వైపే ఉంది. అత్త లేచి డబ్బా దించి, మూత నొక్కి తిప్పి తీసింది, ఇప్పుడు చెయ్యి అలవాటైంది. లోపల చుట్టలు నిటారుగా పేర్చి ఉన్నాయి, అడుగున తెల్లటి పొట్లం.

"మూత గట్టిది బాబూ," అంది అత్త ఒకటి తీసుకుంటూ. "వానాకాలం వొచ్చినా మెత్తబడవు. ఇంకోటి తెమ్మను మీ బావని."